తోడు తప్పిన దిమ్మ

అనగనగా, ఏటికి వంతెనలు తెలియని కాలంలో, ఒక ఊరివాళ్లు బల్లకట్టు మీద ఏరు దాటేవారు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మోకు కట్టి ఉండేది. ఆ మోకు మీద గిలక దొర్లుతుంటే బల్లకట్టు నడిచేది.

ఒకనాడు గిలక ఇరుసు విరిగింది. బల్లకట్టు ఆగిపోయింది.

ఆ ఊళ్లో గవరమ్మ అనే కమ్మరి, పెరట్లోనే కొలిమి పెట్టుకుని పనిచేసేది. ఆమె కూతురు చిట్టెమ్మ ఆవలి ఒడ్డున అత్తవారింట్లో నిండు చూలాలు. వరద రాకముందే పురిటికి తెచ్చుకోవాలి.

కొత్త ఇరుసుకు సరిగ్గా నడుమ చీల బెజ్జం వేయాలి. గుండ్రటి కడ్డీ దొర్లకుండా, గాడి తీసిన రెండు ఇనుప దిమ్మల మీద పడుకోబెట్టి, పైన పట్టీతో బిగిస్తారు. గవరమ్మ అలాగే బిగించి, బెజ్జాలు వేసే బర్మా తిప్పింది. బెజ్జం ఓరగా పోయింది!

"ఏమే మరదలా, నీ చేతికీ ముసలితనం వచ్చిందా?" అన్నాడు బల్లకట్టు నడిపే దాలయ్య.

గవరమ్మ దిమ్మలను తిప్పి చూసింది. "చెయ్యి కాదు బావా. ఇందులో ఒకటి నాది కాదు. జంటలో ఒకదాన్ని మా మరిదికి అరువిచ్చాను. మరొకటేదో తెచ్చిచ్చాడు. తోడు తప్పింది."

ఇక మిగిలింది ఒక్క కడ్డీ. దాన్ని చంకన పెట్టుకుని, ఇనుప సామాను అమ్మే బసవలింగం శెట్టి కొట్టుకు వెళ్లింది.

శెట్టి నెమళ్లు చెక్కిన దిమ్మల జంట తీశాడు. "రాజుగారి ఆయుధశాలకు పోయే సరుకు తల్లీ!"

గవరమ్మ రాతి పలక మీద దిమ్మలు పెట్టి, గాడుల్లో కడ్డీ ఉంచింది. అది అటూ ఇటూ ఊగింది. "నెమళ్లు బాగున్నాయి శెట్టిగారూ. ఉయ్యాలా బాగుంది."

శెట్టి ఏనుగు పాదాల్లాంటి జంట తీశాడు. కడ్డీ ఊగలేదు. కానీ కడ్డీకీ పలకకూ మధ్య వెదురు పుల్ల దూర్చితే ఒక కొసన దూరింది, మరో కొసన ఇరుక్కుంది. "ఏనుగే కానీ, ఒక కాలు పొట్టి."

మూలన నూనెగుడ్డలో మరో జంట కనబడింది. "అవా? అందం లేనివి, ఎవరూ అడగరు" అన్నాడు శెట్టి.

గవరమ్మ కడ్డీ ఉంచింది. దిమ్మలను అటుది ఇటు మార్చింది. తిప్పి పెట్టింది. పుల్ల రెండు కొసలా ఒకేలా దూరింది.

"ఇవీ తోబుట్టువులు!" అంది.

వాటిని కొని తెచ్చి, పెరట్లో కడ్డీని బిగిస్తుంటే ఎగువన మబ్బు కమ్మింది. "ఇంకా బిగించవే! సుత్తితో నాలుగు దెబ్బలెయ్యి!" అని తొందరపెట్టాడు దాలయ్య.

"కదలకపోతే చాలు బావా. నలిగేదాకా పట్టుకుంటే ఇనుమైనా వంగుతుంది."

బొటనవేలితో నెట్టి చూసింది. కడ్డీ కదలలేదు. బర్మా తిప్పింది. బెజ్జం నిట్టనిలువునా దిగింది. చీల మెత్తగా జారి కూర్చుంది.

వరద తగిలి ఏటి నీళ్లు ఎర్రబారే వేళకు బల్లకట్టు తిరిగివచ్చింది. చిట్టెమ్మ పొట్ట మీద చెయ్యేసుకుని దిగింది. "అమ్మా, గిలక కిర్రుమననైనా లేదే!"

కూతురికి అన్నం పెట్టి, మరచిపోకముందే గవరమ్మ దిమ్మలు రెండింటి మీదా ఒకే గుర్తు చెక్కింది.

మర్నాడు మరిది రానే వచ్చాడు. "వదినా, ఒక్క దిమ్మ ఇవ్వవూ?"

"ఒక్కటి ఇవ్వను నాయనా. రెండూ పట్టుకెళ్లు, రెండూ పట్టుకురా."

మెరిసేది కాదు, జతకు జత కుదిరేదే పనిముట్టు. నలిపేది కాదు, నిలిపేదే పట్టు.