మోకాట్లో చిలుక

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు రాజు లేవబోతే కుడికాలు కదలలేదు. లేవమని మనసు చెబుతోంది, ఆ మాట కాలికి చేరడం లేదు. అంతలో కరాళుడనే మంత్రగాడు సభకొచ్చి, పున్నమిలోగా లేచి నిలబడకపోతే రాజ్యం తనదేనని తిష్ఠ వేశాడు.

పెద్దకొడుకు కాపడం పెట్టించాడు. లాభం లేదు. రెండోవాడు కాలినే కోప్పడ్డాడు. పాపం, దానికేం తెలుసు! మూడోవాడు రత్నపాలుడు ఏడు సముద్రాలు దాటైనా మందు తెస్తానని చద్దిమూట కట్టుకుని, సెలవు తీసుకుంటూ తండ్రి పాదాల దగ్గర ఏడ్చాడు. ఆ కన్నీటిలో మునిగిపోతున్న చీమను వేలితో తీసి గట్టున పెట్టాడు.

"ఏడు సముద్రాలెందుకు, మోకాలిదాకా చాలు" అంది చీమ. అని, మేలు మరవకుండా అతణ్ణి తనకన్నా చిన్నవాణ్ణి చేసింది. చద్దిమూటా చిన్నదైంది. రాజుగారి మడమ పగుల్లోంచి లోపలికి పోయాడు.

లోపల వెన్నునుంచి బొటనవేలిదాకా తెల్లని తీగ, అదే నరం. దాని పక్కన బుల్లిబుల్లి అమ్మలు. ఒకామె తీగకు వెన్నలాంటి పొర చుడుతోంది, ఒకామె తిండి పెడుతోంది, ఒకామె చెత్త ఊడుస్తోంది. కానీ మోకాట్లో ఒక పచ్చని చిలుక కూర్చుని, చుట్టిన పొరను చుట్టినట్టే పొడుచుకు తింటోంది. బోసిపోయిన చోట మనసు చెప్పిన మాట కారిపోతోంది.

రత్నపాలుడు చద్దిలోని పచ్చిమిరపకాయ చూపించాడు. చిలుక పొరను వదిలి దానిమీదికి ఎగిరింది. మెడ దొరకబుచ్చుకుని నులిమాడు. పైన కరాళుడు కుప్పకూలాడు, వాడి ప్రాణం అందులోనే ఉంది మరి.

అయినా కాలు లేవలేదు. రత్నపాలుడు తొందరపడి తీగను లాగాడు. పైన రాజు కెవ్వుమన్నాడు.

"లాగితే వస్తుందా నాయనా? చుట్టాలి, కూర్చో" అంది ఆ అమ్మల్లో పెద్దామె.

కూర్చున్నాడు. మూడు రోజులు పొరలు అందించాడు. వాళ్లు చుట్టుమీద చుట్టు చుట్టారు. పున్నమినాడు ముందు బొటనవేలు కదిలింది, తరవాత రాజే లేచి నిలబడ్డాడు.

"మీకేం ఇవ్వనమ్మా?" అని అడిగాడు రత్నపాలుడు, కళ్లనీళ్లతో.

"మేమున్నామని మీ నాన్నకు చెప్పు, చాలు."

బయటికొచ్చి, చీమ మళ్లీ పెద్దవాణ్ణి చేశాక, చెప్పాడు. ఆ ఏడే అతనికి పెళ్లయింది, మండపందాకా రాజు నడిచే వెళ్లాడు. చాలాకాలం చల్లగా ఏలాడు. రోజూ మంచం దిగేముందు మోకాలు నిమిరి, "తల్లులూ, లేస్తున్నాను" అనేవాడు. ముసలితనం చాదస్తమని మంత్రులు నవ్వుకునేవారు. నవ్వుకోనీండి. కథ అయిపోయింది, మీరూ ఒకసారి మోకాలు నిమిరి లేవండి.