తాబేలు బొమ్మకో అరుగు

అనగనగా ఒక అడవి సముద్రం దాకా వచ్చి ఆగిపోయిన చోట, జంతువులు కట్టుకున్న పట్నం ఒకటి ఉండేది. ఆ పట్నంలో సముద్ర రక్షణ సంఘానికి ధవళయ్య అనే కొంగ అధ్యక్షుడు. సముద్రాన్ని రక్షించడానికి ఆయన ఏం చేశాడంటారా పిల్లలూ? మెడలో కండువా వేసుకున్నాడు. చాలాకాలం అదే ఆయన చేసిన పెద్ద పని.

ఒకరోజు ధవళయ్యకు ఒక ఆలోచన వచ్చింది. ఒడ్డున ఉన్న పొడుగాటి గోడ మీద పట్నమంతా కలిసి బొమ్మలు వేస్తే, చూసినవాళ్ళకు సముద్రం మీద ప్రేమ పుట్టుకొస్తుందట. అందరూ సరేనన్నారు. కోతులు నిచ్చెనలెక్కాయి. కుందేళ్ళు రంగులు కలిపాయి. ఎలుగుబంటి నీలం రంగు పూసి పూసి తానే సగం నీలమైంది. నిజం చెప్పొద్దూ, బొమ్మ బాగానే కుదిరింది. గోడ మధ్యలో ఏనుగంత తాబేలు, దాని చుట్టూ చేపలు. కింద 'తాబేలు మన తల్లి' అని పెద్ద అక్షరాలతో రాశారు.

ధవళయ్య అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. గోడ ముందంతా ఇసుక. ప్రారంభానికి వచ్చే పెద్దల కాళ్ళకు ఇసుక అంటుకుంటే పరువేం కావాలి? అందుకని ఆ ఇసుక మీద సిమెంటు అరుగు పోయించాలనుకున్నాడు.

సిమెంటు కలుపుతుండగా సముద్రంలోంచి ముత్యాలమ్మ అనే తాబేలు వచ్చింది. ఆమె గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. తాను పుట్టింది కూడా అక్కడే. వేరే చోటు ఆమెకు తెలియదు. ఇక్కడ అరుగు కట్టొద్దని బతిమాలింది. ధవళయ్య తలైనా తిప్పకుండా, సంఘం తీర్మానం అయిపోయిందన్నాడు.

రెండోరోజు మళ్ళీ వచ్చింది. అరుగు ఇంకా తడిగానే ఉంది కదా, ఓ మూల తవ్వి ఇవ్వమంది. అందం చెడుతుందన్నాడు ధవళయ్య. పైగా తడి మీద ఆమె అడుగులు పడకుండా కుక్కను కాపలా పెట్టాడు. తాబేలు తల్లి అని రాసిన గోడ కిందే తాబేలును తరమడానికి కుక్క! ఆ గొప్ప బుర్రకు ఈ సంగతి తట్టనే లేదు.

మూడోరోజు సాయంత్రం ప్రారంభోత్సవం. మేళం మోగుతోంది. ముత్యాలమ్మ ఆయాసపడుతూ అరుగు ఎక్కింది. గట్టిపడిన సిమెంటును ముందుకాళ్ళతో గీరింది, వెనకకాళ్ళతో గీరింది. కాళ్ళు దోక్కుపోయాయి గానీ పిసరంత పెచ్చు లేవలేదు.

"అయ్యా, ఇంక ఆపుకోలేను," అంది. "ఒక్క మూరెడు పగలగొట్టించండి. నా కడుపులో నూరుమంది పిల్లలున్నారు."

గునపం పక్కనే ఉంది. పెద్దలూ పక్కనే ఉన్నారు. ధవళయ్య గుండె ఒక్క క్షణం కలుక్కుమంది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ అంతమంది ముందు కొత్త అరుగు పగలగొడితే నవ్వుతారేమోనని భయపడ్డాడు.

"సమయానికి వచ్చావమ్మా," అన్నాడు నవ్వు పులుముకుని. "నీ బొమ్మ పక్కన కాసేపు నిలబడు. అందరూ చూసి ఆనందిస్తారు."

ఆమె మెడలో దండ వేశారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యే గుడ్లు సిమెంటు మీద పడి, దొర్లి, పెద్దల కాళ్ళ కింద చితికాయి. మిగిలినవి కాకులు తన్నుకుపోయాయి. ముత్యాలమ్మ ఏడవను కూడా లేదు. దండతోనే నీళ్ళలోకి దిగిపోయింది. మళ్ళీ ఆమె గానీ, ఆమె జాతి గానీ ఆ ఒడ్డు మొహం చూడలేదు.

ఏళ్ళు గడిచాయి. తాబేళ్ళకు ఆహారమైన జెల్లీ చేపలు, తినేవాళ్ళు లేక, తీరమంతా పేరుకుపోయాయి. అవి చేపపిల్లల్ని మింగేశాయి. ధవళయ్యకు రోజుకొక చేప దొరకడమే గగనమైంది. అయినా కండువా మాత్రం తీయలేదు. ఉప్పుగాలికి గోడ మీది తాబేలు పెచ్చులూడిపోతే, సంఘం కూర్చుని దానికి మళ్ళీ రంగు వేయాలని తీర్మానించింది.

వేయడానికి ఒక కోతి వచ్చింది. ఈ కాలం కోతి. కుంచె పట్టుకుని గోడ వైపు చూసింది.

"అధ్యక్షులవారూ, తాబేలుకు కాళ్ళుంటాయా, రెక్కలుంటాయా?" అని అడిగింది.

ధవళయ్య సముద్రం వైపు తిరిగాడు. చూపించడానికి అక్కడ ఒక్కటీ లేదు.

నీతి: ప్రాణిని కాపాడాలంటే ముందు దాని చోటు దానికి వదలాలి, లేకపోతే చివరికి దాని బొమ్మ కూడా మిగలదు.