వరహాలమ్మ కేలండరు

ఉదయం ఆరూ పదికి కూర్మారావు మేష్టారు డాబా మీద మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. ఒక్కో కుండీకి నీళ్ళు పోసి, దాన్ని చేతిలోకి తీసుకుని ఓ పక్కకు వంచి, ఆకుల నడుమ నిలిచిన నీరంతా కారాక మళ్ళీ కింద పెడతారు. నలభై కుండీలు. ఈ వంచడం వల్ల అరగంట పని గంట పడుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. విశాఖపట్నంలో ఆర్కిడ్లు పెంచే ఆ గుంపులో ఆయన చేసిందే పద్ధతి.

మేష్టారితో కలిపి గుంపులో పన్నెండు ఇళ్ళున్నాయి. ఏటా జూన్‌లో అందరూ ఒకే జాతి మొక్క తీసుకుంటారు. మరుసటి మే నెలాఖరున ఎవరి కుండీ వాళ్ళు తెచ్చి డాబా మీద వరసగా పెడతారు. పదికి తగ్గకుండా బతికి ఉంటే తర్వాతి ఏడూ అదే జాతి, మరో రంగు; తగ్గితే జాతి మార్చాలి. మొక్క పోగొట్టుకున్నవాళ్ళు తప్పుకోవాలి. ఆ చోటు కాచుకుని ఉన్న ఇంకొకరికి పోతుంది. ఈ రెండు నియమాలూ మేష్టారు పెట్టినవే.

నిరుడు తీసుకున్నది ఫెలనాప్సిస్, తెల్ల సీతాకోకలు బారు తీరినట్టు పూసే రకం. ఈ మే నెలలో పదకొండు కుండీలు పచ్చగా వచ్చాయి. పన్నెండోది వరహాలమ్మది. ఆమె ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఎండిన వేళ్ళున్న కుండీని సిటీబస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి వరసలో ఉంచింది. "ఏమ్మా, పోపు గానీ పెట్టేశావా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వెళ్ళేటప్పుడు కుండీని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది.

ఈ ఏటి జాతిని ఎంచే పని దేవసహాయానికి అప్పగించారు. అతను రైల్వేలో గుమాస్తా. ఆరేళ్ళుగా మేష్టారి దగ్గర నేర్చుకుంటున్నాడు. ఆ ఉదయం జాబితాతో డాబా ఎక్కాడు.

"పదకొండు బతికాయి మేష్టారూ. నియమం ప్రకారం మళ్ళీ ఫెలనాప్సిస్సే, ఊదారంగు. వరహాలమ్మ గారి చోటు కాచుకుని ఉన్న ఆ బ్యాంకు మేనేజరు గారికి. ఆదివారం గుంపు కూడినప్పుడు చెప్పేస్తాను." జాబితా జేబులో పెట్టుకుంటూ అడిగాడు: "జాతిని ఎంచడం ఎలాగో మీరెప్పుడూ వివరంగా చెప్పలేదు. బాగా బతికినదాన్ని చూసే కదా ఎంచాలి?"

"చచ్చినదాన్ని చూశావా?"

"అందులో చూడ్డానికి ఏముంది మేష్టారూ?"

మేష్టారు చేతిలోని కుండీ వంచి, కింద పెట్టి, చెప్పులు వేసుకున్నారు.

వరహాలమ్మ ఇల్లు అల్లిపురం సందులో రెండు గదులు. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. వీళ్ళను చూసి చేట పక్కన పెట్టింది.

"ఇద్దరూ పరామర్శకొచ్చినారా ఏటి బాబూ? దాని దినాలు కూడా అయిపోనాయి."

కుండీ ఇంకా గోడ మేకుకు వేలాడుతోంది. పక్కనే కిరాణా కొట్టువాళ్ళిచ్చిన నిరుటి కేలండరు. పాలూ గ్యాసూ రాసుకునే గళ్ళలో పెన్సిలుతో చిన్న చిన్న అక్షరాలు. మేష్టారు దాన్ని తీసి దేవసహాయం చేతికిచ్చారు.

"చదువు. పైకి చదువు."

అతను చదివాడు. "జూలై మూడు: కొత్త ఆకు, గోరంత. జూలై ఇరవై ఎనిమిది: నాలుగు రోజులై ముసురు. ఆకుల నడుమ నీరు నిలిచింది. ఆగస్టు ఆరు: మొవ్వు మెత్తబడింది. ఆగస్టు పదకొండు: పట్టుకుంటే మొవ్వు చేతికి ఊడొచ్చేసింది."

అక్కడ ఆగిపోయాడు. ఆగస్టు పద్నాలుగున అతని మొక్క మొవ్వు కూడా అలాగే చేతికి ఊడొచ్చింది. పదహారున నర్సరీకి వెళ్ళి అంతే ఎత్తున్న మరో మొక్క తెచ్చి, పాత కుండీలో పెట్టి, పాత చీటీ కట్టాడు. మే నెల వరసలో అందరూ మెచ్చుకున్నది దాన్నే. గుంపు మొత్తంలో ఇలాంటి పని చేసింది తనొక్కడే అనుకుంటూ వచ్చాడు.

"ఆగావేం?"

"అక్షరాలు సరిగా కనపడ్డం లేదు మేష్టారూ."

"నా రాత బాగానే ఉంటది బాబూ," అంది వరహాలమ్మ. "హాస్టల్లో సరుకుల చీటీ రాసేది నానే."

మేష్టారు కేలండరు అందుకుని తక్కిన నెలలు తిప్పారు. మే దాకా ప్రతి ఆదివారం గడిలోనూ ఒకే మాట ఉంది: ఇంకా చూస్తన్నాను.

"మన ఊరి వానల్లో ఈ మొక్క సంగతి చెప్పే కాగితం ఇదొక్కటే," అన్నారాయన. "ఆదివారం దీన్ని తీసుకొస్తావా?"

"కుండీ తెస్తే నవ్వినారు. కేలండరు తెస్తే ఏటంటారో."

"దేవసహాయం తెస్తాడులే. నువ్వు ఊరికే రా."

ఆదివారం డాబా మీద దేవసహాయం లేచి నిలబడి ఆ కేలండరు చదివాడు. ఆగస్టు పదకొండు దగ్గర మళ్ళీ ఆగాడు. ఈసారి కాగితం మడిచి, "పద్నాలుగున నాదీ ఇలాగే పోయింది. మే నెలలో మీరు చూసింది వేరే మొక్క," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి మందుల షాపు ఆయన లేచి తనది పంతొమ్మిదిన పోయిందన్నాడు. ఆయన పక్కనున్నావిడ లేచి, తారీఖు గుర్తులేదంది. మిగిలినవాళ్ళు కదల్లేదు. మేష్టారు తన పేముకుర్చీలో కూర్చుని అందరివైపూ చూస్తున్నారు.

పదకొండు ఎనిమిదయింది. పదికి తగ్గింది కాబట్టి ఈ ఏడు ఫెలనాప్సిస్ లేదు. రెండో నియమం ప్రకారం నలుగురు తప్పుకోవాలి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. దేవసహాయం కొత్త జాతి పేరు చెప్పాడు. మన కొండల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే వాండా, నర్సరీలో పెంచినది. కుండీ అక్కర్లేదు, చెక్కముక్కకు ఏటవాలుగా కట్టి వేలాడదీయొచ్చు. పువ్వు చిన్నది, మట్టిరంగు. వాసన మాత్రం బావుంటుంది.

"చూపుకు ఆనదే," అన్నాడు మందుల షాపు ఆయన.

"వాననీరు నిలవదు కదా బాబూ," అంది వరహాలమ్మ వెనకనుంచి.

ఆమె పేరు జాబితాలో అలాగే ఉండిపోయింది.

నాలుగు రోజుల తర్వాత, గురువారం సాయంత్రం, దేవసహాయం పన్నెండు వాండాలు చెప్పి రావడానికి నర్సరీకి వెళ్ళాడు. నర్సరీ అప్పన్న నవ్వుతూ, "ఆగస్టుకి ఇంకో డజను తీసి ఉంచమంటారా సార్?" అని అడిగాడు. "నిరుడు ఆగస్టులో మీ గుంపోళ్ళు ఏడుగురు ఆ తెల్లపూల మొక్కకే వచ్చారు, ఒకరికి తెలీకుండా ఒకరు. మొట్టమొదట వచ్చింది మీ మేష్టారే. ఆగస్టు రెండు."

మర్నాడు ఆరూ పదికి అతను డాబా ఎక్కేసరికి మేష్టారు నీళ్ళు పోస్తున్నారు. దేవసహాయం ఒక తడి కుండీని చేతిలోకి తీసుకుని పక్కకు వంచాడు.

"నిన్న అప్పన్న దగ్గరికి వెళ్ళాను మేష్టారూ."

మేష్టారు తన చేతిలోని కుండీలోంచి చివరి బొట్టు రాలేదాకా ఆగారు.

"ఆదివారం నువ్వు లేచి చెప్పావు," అన్నారు. "నేను కూర్చునే ఉన్నాను."