బెల్లం గుండె చప్పుడు

గెడ్డవలస పట్నంలో విశ్వంభరం అనే పశువుల డాక్టరు ఉండేవాడు. చేతివాసి గొప్పదే గాని, ఒక్క నిమిషం ఆగే ఓపిక లేనివాడు.

ఆవుకి ఐదు నిమిషాలు, మేకకి మూడు, కుక్కకి రెండు. ఇదీ ఆయన పద్ధతి. ఎడమ చేతికి పెద్ద గడియారం ఉండేది. "నా దగ్గర ఆలస్యం అనేది ఉండదు" అని గర్వంగా చెప్పుకునేవాడు. నిజమే, ఉండేది కాదు. మా ఇంటి పిల్లికి ఒకసారి సూది వేశాడు. పిల్లికి ఆ సంగతి తెలిసేలోపే వేసేశాడు. అది ఇంటికొచ్చాక అరిచింది.

పిల్లి సంగతి అలా ఉంచండి. మా ఊరి చివర మూతపడ్డ జనపనార గోడౌన్‌లో దిక్కులేని కుక్కల ఆశ్రమం ఉండేది. బండి కింద పడ్డవీ, పెంచి వదిలేసినవీ నలభై దాకా ఉండేవి. వాటికి నూకల జావ కాచి, పుళ్లు కడిగి, పేర్లు పెట్టే మనిషి సింహాలమ్మ. ఉద్యోగం విరమించాక నా పొద్దుటి నడక అక్కడిదాకా సాగేది.

ఆ ఆశ్రమంలో తాటిబెల్లం రంగు ఆడకుక్క ఒకటి ఉండేది. పేరు కూడా బెల్లమే. దాని పొట్ట కింద నిమ్మకాయంత కణితి లేచింది. రెండు నెలల్లో బత్తాయంత అయింది. కోసి తీయకపోతే అది బతకదు.

సింహాలమ్మ దాన్ని రెండోసారి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈసారి నేనూ తోడు వెళ్లాను. గుమ్మంలో మందుల వాసన తగలగానే బెల్లం నాలుగు కాళ్లూ బిగదీసింది. ముగ్గురు పట్టుకుని స్టీలు బల్ల మీదికి ఎత్తారు. ఆ నున్నటి బల్ల మీద దాని గోళ్లు జారిపోతున్నాయి. తోక పొట్టకి అంటుకుపోయింది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి, గడియారం చూసి, తీసేశాడు.

"గుండె నిమిషానికి నూట ఎనభై నాలుగు. పోయినసారీ ఇంతే. ఇది గుండెజబ్బు కుక్క. మత్తు ఇస్తే బల్ల మీదే పోతుంది, ఆపరేషన్ కుదరదు. బాధపడకుండా సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చేద్దాం. సోమవారం తీసుకురా" అన్నాడు.

సింహాలమ్మ కదల్లేదు. "డాకటరు బాబూ, ఒక మాట అడుగుతాను. కోప్పడరు గదా?"

"తొందరగా అడుగు."

"తమరు పెళ్లిచూపులకెళ్లినప్పుడు, తమరి గుండె నెమ్మదిగానే కొట్టుకుందా?"

బయట బెంచీ మీద మేకతో కూర్చున్న ముసలాయన కిసుక్కున నవ్వాడు. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"అప్పుడు పిల్ల తండ్రి తమర్ని గుండెజబ్బు మనిషని ఎనక్కి పంపీలేదు గదా బాబూ! దీన్ని కూడా దాని ఇంటికాడ ఒక్కసారి సూడండి."

డాక్టరుకి నవ్వు ఆగలేదు. "సరే, ఆదివారం వస్తాను. పది నిమిషాలే" అన్నాడు.

"ఆ తెల్లకోటూ, ఆ గడియారమూ వొదిలీసి రండి."

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. కోటు లేదు. గడియారం మాత్రం వదల్లేకపోయాడు. సింహాలమ్మ చూసిన చూపుకి దాన్ని విప్పి నా చేతిలో పెట్టాడు. ఆమె వెనక గదిలో గోడ దగ్గర గోనెసంచి పరిచింది.

"ఇక్కడ కూకోండి బాబూ. మొకం గోడకేసి, ఈపు దానికేసి. ఎనక్కి సూడకండి, పిలవకండి."

"ఎంతసేపు?"

"అది వచ్చీదాకా."

బెల్లం ఎదుటి మూల ముడుచుకుని వణుకుతోంది. సింహాలమ్మ దాని వైపు చూడకుండా చేటలో నూకలు పోసుకుని రాళ్లు ఏరుకుంటోంది. గోడ పక్కనున్న గుమ్మంలో, డాక్టరుకి కనబడేలా నేను కూర్చున్నాను. ఐదు నిమిషాలు. పది. డాక్టరు నొప్పెట్టి కాలు మార్చాడు. ఇరవై. "ఇది రాదమ్మా" అని గొణిగాడు. "మాటాడకండి" అంది సింహాలమ్మ.

మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారు ఒకాయన ఉండేవారు. గుండె ఎవరి మాటా వినదు, దాని పని అది చేసుకుపోతుంది అనేవారు. ఆ మాట సగమే నిజమని తెలియడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

అరగంట దాటింది. బెల్లం లేచింది. ఒక అడుగు వేసి ఆగింది. మళ్లీ ఒక అడుగు. డాక్టరు చొక్కా వాసన చూసింది. చివరికి, అలసిన మనిషి గోడకి జారగిలబడినట్టు, ఒళ్లంతా ఆయన వీపుకి ఆనించి కూర్చుంది.

డాక్టరు ఊపిరి బిగబట్టాడు. చెయ్యి మెల్లగా వెనక్కి పోనిచ్చి స్టెతస్కోపు దాని పక్కటెముకల మీద పెట్టాడు. నేను గడియారం చూసి వేలెత్తాను. నిమిషం కాగానే మళ్లీ ఎత్తాను.

"నూట నలభై" అన్నాడు గుసగుసగా. మరో నిమిషం. "నూట పద్దెనిమిది." సింహాలమ్మ రాళ్లు ఏరడం ఆపేసింది. మరో నిమిషం. "తొంభై రెండు."

ఆ తరవాత ఆయన లెక్కపెట్టలేదు. కళ్లు మూసుకుని వింటూ ఉండిపోయాడు. ఆ పెద్ద గోడౌన్‌లో నలభై కుక్కలున్నాయి. అయినా ఆ క్షణాన ఆ ఒక్క గుండె తప్ప ఇంకేదీ లేనట్టు అనిపించింది నాకు. ఏ మందూ వేయలేదు, ఎవరూ ఆజ్ఞాపించలేదు. భయం పోయింది, గుండె తన దారికి వచ్చింది. పదిహేనేళ్ల నుంచి వేల గుండెలు విన్నవాడు, మొదటిసారి విన్నవాడిలా కూర్చున్నాడు.

చాలాసేపటికి కళ్లు తెరిచాడు. "సింహాలమ్మా, వేసవిలో చెవి తెగిన కుక్కని తెచ్చావు. గుండెజబ్బని వెనక్కి పంపేశాను. అదెలా ఉంది?"

సింహాలమ్మ చేట వైపు చూస్తూ, "అది పోయింది బాబూ" అంది.

డాక్టరు తల వంచుకుని, బెల్లం తనంతట తాను లేచేదాకా అలాగే కూర్చున్నాడు. గడియారం అడగలేదు.

సోమవారం మళ్లీ ఆయనే గోడౌన్‌కి వచ్చాడు. సింహాలమ్మ ఒళ్లోనే బెల్లానికి ఆపరేషన్‌కి మత్తుసూది వేశాడు. నిద్రపోయిన దాన్ని తన చేతుల మీద మోసుకెళ్లాడు. బల్ల మీద ఆ గోనెసంచే పరిచి పడుకోబెట్టి, కణితి కోసి తీశాడు. గుండె ఒక్కసారి కూడా తడబడలేదు. పదో రోజుకి బెల్లం జావ గిన్నె కోసం మిగతా కుక్కలతో పోట్లాడింది.

ఆ గోనెసంచి ఆసుపత్రి బల్ల మీద అలాగే ఉండిపోయింది. కుక్కలొచ్చినప్పుడు డాక్టరు కింద కూర్చుని, వీపు తిప్పి, ఎదురుచూసేవాడు. బయట మేకతో వచ్చిన ముసలాయన "ఎంతసేపు డాక్టరుగారూ?" అని విసుక్కుంటే, "అది వచ్చేదాకా" అనేవాడు.

భయంతో వణికే ప్రాణిని చూసి అది ఇంతేనని తేల్చేయకూడదు. దాని భయం తీరేదాకా ఓపిక పట్టినవాడికే దాని నిజం తెలుస్తుంది.