పోటీవాడు పంపిన దిద్దుబాటు

భీమవరంలో కంప్యూటరు పాఠాలు చెప్పే తిరుమలాచారి మాస్టారికి ఒక అలవాటు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు.

ఆయన శిష్యురాలు సువర్చల రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లను నడిపే పెట్టెలు తయారుచేసే కంపెనీలో చేరింది. ఆ పెట్టెల్లోని ప్రోగ్రాంను ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మార్చి అమ్మితే మాత్రం ఆ మార్పును కూడా అదే షరతు మీద తెరిచి ఇవ్వాలని దాని లైసెన్సు. కరెంటు పోగానే మోటార్లను జనరేటరు మీదికి మళ్ళించే ఉపాయాన్ని ఆమె రెండు నెలలు తంటాలు పడి రాసింది.

"మాస్టారూ, నా కష్టమంతా పోటీ కంపెనీ చేతిలో పెట్టడమేనా? ఇదేం వ్యాపారం?"

"ముందు పెట్టి రా," అన్నారాయన.

మనసొప్పకపోయినా అందరికీ అందేలా ఇంటర్నెట్లో పెట్టింది. మూడో రోజు పొద్దున్న, ఆకివీడులో నలభై చెరువులకు వెళ్ళాల్సిన పెట్టెలు వ్యానుకెక్కుతుండగా ఫోను మోగింది.

"కైకలూరు కంపెనీ నుంచి కరీముల్లానండి. మీరు రాసింది బ్రహ్మాండం. కానీ మోటార్లన్నీ ఒక్కసారే లేస్తున్నాయండి, చిన్న జనరేటరైతే కూలబడిపోద్ది. ఒకదాని తర్వాత ఒకటి లేచేలా దిద్ది పంపాను, చూసుకోండి."

సువర్చల వ్యాను ఆపించి, చిన్న జనరేటరు మీద పరీక్షించింది. జనరేటరు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది! మబ్బు పట్టి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిన రోజు చెరువులో ఇలా జరిగితే రొయ్యలు ఊపిరాడక చచ్చి తేలేవి. గబగబా అతని దిద్దుబాటు ఎక్కించింది. ఒకటి, రెండు, మూడు... మోటార్లు వరసగా లేచి గిర్రున తిరిగాయి. ఆమె చప్పట్లు కొట్టేసింది.

వెంటనే అతనికి ఫోను చేసింది. "మా తప్పు మాకెందుకు చెప్పారండీ? మావి ఆగితే మీవి అమ్ముడయ్యేవి కదా!"

కరీముల్లా నవ్వాడు. "మీరు రాసిందే మా పెట్టెల్లోనూ ఎక్కించామండి. నా దిద్దుబాటుకు మీరు తాళం వెయ్యలేరు, మీ పనికి నేను వెయ్యలేను. ఇంక భయమేముంది? ఓల్టేజీ పడిపోయే సంగతి మాత్రం మీరే చూడాలండోయ్, అది నా వల్ల కావట్లేదు!"

ఆ సంగతి ఎలా చూడాలో ఆమెకు అప్పుడే తోచింది. చెప్పులైనా సరిగా తొడుక్కోకుండా మాస్టారింటికి పరుగెత్తి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది.

"అవతలివాడు మాస్టారూ! మమ్మల్ని కాపాడింది అవతలివాడు!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏ గట్టుకవతల, అమ్మా?"