కోటలోకి వచ్చిన వానాకాలం

ఒకానొక రాజ్యంలో రణమల్ల భూపతి అనే రాజు ఉండేవాడు. అంతా మెట్టపొలాల రాజ్యం. అక్కడి ఏరులు వానల్లో నాలుగు నాళ్ళు పారి, మిగతా ఏడాదంతా ఇసుక కప్పుకుని నిద్రపోయేవి. జనం కళ్ళు ఎప్పుడూ ఆకాశం మీదే. రాజుగారి కళ్ళు మాత్రం అద్దం మీద.

ఆయన కొలువులో మాచన అనే విదూషకుడు ఉండేవాడు. అందరినీ నవ్వించడం అతని ఉద్యోగం. కానీ ఆ ఏడు అతనికే నవ్వు రావడం లేదు. నిరుడు వానలు ముఖం చాటేశాయి. ఊళ్ళు సగం ఖాళీ అయ్యాయి. కొండకింద పల్లెలో ఉండే అతని అక్క గౌరసాని మాత్రం ఊరు వదల్లేదు.

ఆమె ఇంట్లో ఉట్టి మీద ఒక కుండ ఉంది. దాని నిండా జొన్న విత్తనాలు, బూడిద కలిపి, మూతికి మట్టి మెత్తి దాచినవి. ఆకలి రోజుల్లో ఆమె పిల్లలిద్దరూ ఆ ఉట్టి కిందే పడుకుని పైకి చూస్తూ ఏడ్చేవాళ్ళు. ఆమె అడవిదుంపలు ఉడకబెట్టి పెట్టింది గానీ కుండ దించలేదు. ఇప్పుడు ఆ ఉట్టి కింద ఒక్క పిల్లే పడుకుంటోంది.

ఇలా ఉండగా, కృత్తిక కార్తెలో రాజుగారి పుట్టినరోజు వచ్చింది. సాయంత్రం కొలువు తీరి ఉండగా పడమటి నుంచి ఒక నల్లటి మబ్బు లేచింది. గాలి దుమారం ఎత్తింది. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. మెరుపు మెరిసినప్పుడల్లా కొలువులోని ముఖాలు వెండిలా తళుక్కుమని మళ్ళీ చీకట్లో కలిసిపోయేవి. కోట బురుజు పక్క తాటిచెట్టు మీద పిడుగు పడింది. వడగళ్ళు టపటపా రాలాయి. ఎంతో కాలం ఎడబాసిన మనిషి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయినట్టు, ఆ వాన అంతలోనే వెలిసిపోయింది.

తడిసిన మట్టి వాసనకి మాచన కళ్ళు చెమర్చాయి. అంతలో ఆస్థాన జ్యోతిష్కుడు పేరుభట్టు లేచి నిలబడ్డాడు.

"ఉగాది నాడే మనవి చేశాను కదా మహాప్రభూ! ఏలినవారి పుట్టినరోజున వరుణుడే వచ్చి నమస్కరిస్తాడని!"

ఉగాది నాడు ఆయన అలాంటిదేమీ అనలేదు. ఆ సంగతి కొలువులో అందరికీ తెలుసు. రాజుగారికి కూడా తెలుసు. అయినా ఆ మాట ఆయనకి తియ్యగా ఉంది.

"చాటింపు వేయించండి!" అన్నాడు రాజు, మీసం మీద చెయ్యి వేసి. "నేటితో వేసవి మా రాజ్యం విడిచిపోయింది. వానాకాలం వచ్చింది. అందరూ విత్తనాలు వేయాలి. అమావాస్య లోపు విత్తనివాడి పొలం మాది. ఇంకా వేసవే అన్నవాడి వీపు కొరడాది."

మరునాడు మాచన అక్క ఊరికి పోయాడు. గౌరసాని పొలంలో కూర్చుని చేత్తో మట్టి తోడుతోంది.

"రారా తమ్ముడూ. చూడు నీ రాజుగారి వానాకాలం. వేలెడు లోతు తడిసింది. ఆ కింద పొయ్యిలో బూడిదలా ఉంది."

"ఇప్పుడు విత్తితే?"

"ఎందుకు మొలవదూ, మొలుస్తుంది. పచ్చగా, ముచ్చటగా మొలుస్తుంది. రోహిణి ఎండ తగలగానే మాడి మసైపోతుంది. మళ్ళీ విత్తడానికి గింజ ఎక్కడ తెచ్చేది? నన్ను కోసినా రాదు."

మాచన ఒక మట్టిపెళ్ళ తీసి వేళ్ళతో నలిపాడు. పొడిపొడిగా రాలిపోయింది. గౌరసాని అతని వైపు తిరిగింది.

"రోజూ ఆయన చెవి దగ్గర ఈగలా ముసురుతుంటావు కదా! ఈ ఒక్క మాట చెప్పలేవూ?"

"చెబితే కొరడా దెబ్బలక్కా. దెబ్బలు తిన్నా వినడు. నేను తప్పు, ఆయన ఒప్పు అయిపోతుంది, అంతే."

"అయితే ఏ పాటి నవ్వించేవాడివిరా నువ్వు!" అంది గౌరసాని. ఆ మాటలో కోపం లేదు. అలసట ఉంది. అందుకే అది మాచన గుండెలో ముల్లులా దిగిపోయింది. దారి పొడవునా దాన్నే మోసుకుంటూ కోటకు తిరిగొచ్చాడు.

కొలువులో చేతులు కట్టుకుని అడిగాడు.

"మహాప్రభూ, చిన్న సందేహం. తమరి ఆజ్ఞ కోట బయటికేనా, లోపలికి కూడానా?"

రాజుకి చిర్రెత్తుకొచ్చింది. "మా ఆజ్ఞకి లోపలేమిటి, బయటేమిటి? ముందు ఇక్కడే అమలు కావాలి! ఏ లోటూ రాకుండా నువ్వే చూసుకో!"

"చిత్తం" అన్నాడు మాచన.

ఆ పూటే కోటలోకి వానాకాలం వచ్చేసింది. కిటికీలకి కట్టిన వట్టివేళ్ళ తడికలు విప్పేశారు. జల్లు కొడుతుందని కిటికీలన్నీ మూసి గడియలు పెట్టారు. విసనకర్రలు అటకెక్కాయి. మేడ మీద వెన్నెల్లో వేసే రాజుగారి పట్టెమంచం నాలుగు గోడల మధ్యకి చేరింది. వంటశాలలో పానకం, మజ్జిగ, తాటిముంజలు ఆగిపోయాయి. వాటి బదులు పొగలు కక్కే మిరియాల చారు, శొంఠి కషాయం వచ్చాయి. సింహాసనానికి అటొకటి ఇటొకటి నిప్పుల కుంపట్లు పెట్టారు.

మాచన స్వయంగా ఒక గొంగళి తెచ్చి రాజుగారి భుజాల మీద కప్పాడు. "ముసురు కదా మహాప్రభూ, చలిగాలి తగిలితే పడిశం పడుతుంది."

రాజుకి విషయం అర్థమైంది. కానీ కొలువంతా చూస్తోంది. ఆజ్ఞ ఆయనదే. ఏమంటాడు?

"ఆహా, వెచ్చగా ఉంది" అన్నాడు.

"మరి జ్యోతిష్కుల వారికో?"

"హాయిగా ఉంది" అన్నాడు పేరుభట్టు. ఆయన నుదుటి విభూతి కరిగి ముక్కు మీదికి కారుతోంది.

తర్వాత రోహిణి కార్తె ప్రవేశించింది. ఆకాశం కాల్చిన పెనంలా అయింది. మబ్బన్నది కంటికి కనిపిస్తే ఒట్టు. మాచన బురుజెక్కి కొండకింద పల్లె వైపు చూసేవాడు. అక్కడ తిరిగే భటుల గుర్రాల దుమ్ము కనిపించేది. అప్పుడు కిందికి దిగొచ్చి కుంపట్లలో ఇంకాసిని బొగ్గులు వేయించేవాడు. ఇది వేళాకోళమని అందరూ అనుకున్నారు. అతనికి మాత్రం లోపల ఏడుపొస్తోంది. అమావాస్య దగ్గర పడుతోంది, రాజు లొంగడం లేదు.

చివరికి అమావాస్య ముందు రోజు, మిట్టమధ్యాహ్నం కొలువు. పేరుభట్టు సొమ్మసిల్లబోయి స్తంభానికి జారగిలబడ్డాడు. రాజు ముఖం కందగడ్డలా ఉంది. వంటవాడు వెండి గిన్నెలో కషాయం తెచ్చి చేతికి అందించాడు.

రాజు ఆ గిన్నె విసిరికొట్టాడు. గొంగళి లాగి అవతల పారేశాడు.

"ఒరేయ్ మాచనా! నిండు వేసవిలో కుంపట్లు పెట్టి నన్ను చంపుదామనుకుంటున్నావురా!"

కొరడా పట్టుకుని నిలబడ్డవాడు రాజుగారి వీపు వైపు ఒకసారి చూసి, వెంటనే కళ్ళు దించుకున్నాడు.

మాచన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఏ కాలం అన్నారు మహాప్రభూ?"

రాజు కింద పడ్డ గొంగళి వైపు చూశాడు.

"తమరు ఏనుగులాంటివారు" అన్నాడు మాచన. "రాతిగోడల మధ్య, నీడలో, రెండు పూటలా భోంచేసి కూర్చున్న తమరే ఈ వానాకాలానికి తాళలేకపోయారు. కప్పు లేని చేలో, వేలెడు మట్టి కింద, జొన్నగింజ ఎలా తాళుతుంది ప్రభూ? పిల్లల నోటికి పెట్టకుండా దాచిన గింజ అది."

కుంపట్లు అవతలికి తీయమని రాజు సైగ చేశాడు.

రాజు మెల్లగా పేరుభట్టు వైపు తిరిగాడు. "అసలు వాన ఎప్పుడొస్తుందయ్యా?"

పేరుభట్టు తడబడ్డాడు. "అది... ఏలినవారు ఎప్పుడంటే అప్పుడు..."

"మేం అన్నాం కదా. రాలేదు." రాజు చెమట తుడుచుకున్నాడు. తనతో తానే చెప్పుకున్నట్టు అన్నాడు. "మాకు తెలియదు. వాన ఎప్పుడొస్తుందో మాకు తెలియదు."

అని ఒక్కసారిగా పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆయాసపడి, "ముందు ఆ కిటికీలు తియ్యండ్రా!" అని కేకపెట్టాడు. వేడిగాలే వచ్చింది. అయినా కొలువంతా దాన్ని అమృతంలా పీల్చుకుంది.

"చాటింపు రద్దు. రైతు ఇష్టం వచ్చినప్పుడే విత్తుకుంటాడు. మాచనా, నీకేం కావాలో కోరుకో. పట్టుశాలువా కప్పమంటావా?"

"మహాప్రభూ, ఈ ఎండలో శాలువా మాత్రం వద్దు!" అన్నాడు మాచన. మళ్ళీ అందరూ నవ్వారు. "ఇప్పటికే విత్తి పోగొట్టుకున్నవాళ్ళకి తమ కొట్లలోంచి గింజలిప్పించండి. నాకు మటుకు తమ గుర్రాల్లో వడిగలది ఒకటి ఇప్పించండి. ఇప్పుడే."

రాజు తన సొంత గుర్రాన్నే ఇచ్చాడు.

మాచన పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. గట్టు మీద భటులు, చేలో విత్తనాలు వేసే గొర్రు. కుండ మూతి పగిలి ఉంది. సగం చాళ్ళు అప్పటికే విత్తేశారు. గౌరసాని ముఖంలో ప్రాణం లేదు.

"ఆపండి! రాజుగారి ఆజ్ఞ! విత్తొద్దు!" అని అరుస్తూ గుర్రం మీంచి దూకాడు.

భటులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పక్కకు తప్పుకున్నారు. గౌరసాని ఏమీ అడగలేదు. కొంగు నడుముకి చుట్టి, చాల్లో కూర్చుని, ఎండిన మట్టిని వేళ్ళతో జల్లిస్తూ ఒక్కొక్క గింజా ఏరడం మొదలుపెట్టింది. మాచన ఆమె పక్కనే కూర్చున్నాడు. దొరికినవి కొన్ని, దొరకనివి ఎన్నో.

కాసేపటికి ఆమె తలెత్తకుండానే అడిగింది. "ఇంతకీ వాన ఎప్పుడొస్తుందటరా?"

"రాజుగారికి తెలియదటక్కా. ఇవాళ కొలువులో అందరి ముందూ ఒప్పుకున్నారు."

ఆమె చెయ్యి ఆగింది. మెల్లగా నవ్వింది. నిరుటి నుంచి ఆ ముఖం మీద అతను చూడని నవ్వు.

"అమ్మయ్య! అయితే బతికాం" అంది. ఇద్దరూ మళ్ళీ చాల్లోకి వంగారు.