బుద్ధిమంతుల పోటీ

ఏటి ఒడ్డున ఇటుకబట్టీ, బట్టీ వెనక బూడిదకుప్పలు, ఆ కుప్పల మీద కోళ్లపేట. పేట అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి. నాలుగు చిరిగిన గంపలు, పొద్దస్తమానం పొగ, తాగడానికి మసి తేలే గుంటనీళ్లు. తిండి సంగతి అసలే అడక్కండి. బట్టీ కూలీల కంచాల్లోనే మెతుకు మిగలదు, ఇక కోళ్లకేం విదిలిస్తారు? కోళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బూడిద గీకి, ఇటుకపొడి మింగి, "ఇవాళ భోజనం కాస్త ఎర్రగా కుదిరింది" అనుకుని తృప్తిపడేవి.

ఆ పేటలో పిల్లలు మాత్రం మహా నెమ్మదస్తులు. అరవవు, గెంతవు, గీకవు. గంప కింద పెడితే గంప కిందే, ఎండలో పెడితే ఎండలోనే.

"మా వాడు పొద్దున్నుంచి ఒక్క కూత కూయలేదు వదినా!" అనేది పింగళమ్మ, మెడ సాచి.

"మా వాడైతే నిన్నటినుంచి కన్నే తెరవలేదు. అంత బుద్ధిమంతుడు!" అనేది పక్క గంప పర్లమ్మ, ఇంకాస్త సాచి.

ఈ కబురు ఏటి అవతల నక్క చెవిన పడింది. దానికి ఆ ఏడాది కీళ్లనొప్పులు. పరుగెత్తి కోడిపిల్లను పట్టే ఓపిక పోయింది. పరుగెత్తని కోడిపిల్లల పేట ఒకటుందని వినగానే దానికి నోట్లో నీళ్లూ, బుర్రలో చదువూ ఒకేసారి ఊరాయి. మెడలో కండువా వేసుకుని, చెవిలో సుద్దముక్క దోపుకుని వచ్చేసింది.

"అమ్మల్లారా! నేను మేష్టర్ని. లోకమంతా తిరిగాను గానీ ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదు. ప్రతి సంతరోజూ బుద్ధిమంతుల పోటీ పెడతాను. కిక్కురుమనకుండా కూర్చున్న పిల్లకి బహుమతి."

"ఏం బహుమతి మేష్టారూ?"

"పై చదువులు! నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. బస నా దగ్గరే. భోజనం..." నక్క ఒకసారి గుటక వేసింది. "భోజనం కూడా నా దగ్గరే."

కోళ్లు పొంగిపోయాయి. లేనివాళ్ల చెవిలో చదువు అన్నమాట పడితే అంతే, అడగాల్సిన మాట గొంతులో ఆగిపోతుంది. వాటిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పిల్లలు బాగుపడాలన్న ఆశ తప్ప వాటి దగ్గర ఇంకేముంది?

మొదటి సంతకి పింగళమ్మ పెద్దకొడుకు నెగ్గాడు. రెండో సంతకి చిన్నకొడుకు. నక్క ఒక్కొక్కణ్నీ మెడ పట్టుకుని, ఎంతో మర్యాదగా తీసుకెళ్లింది.

"మేష్టారూ, మీ మీసం మీద ఈకేమిటండీ?" అని అడిగింది పింగళమ్మ ఓ రోజు.

"కలం తల్లీ, కలం. ఈకతోనే కదా రాస్తాం? రాసి రాసి అక్కడ పెట్టుకుని మరిచిపోయాను."

"మా వాళ్లు ఒక్కసారైనా ఇంటికి రారా?"

"చదువులో మునిగిపోయారమ్మా."

"ఎంతదాకా మునిగారు?"

"పూర్తిగా."

పింగళమ్మ ఆనందంతో కళ్లు తుడుచుకుంది. పక్కన పర్లమ్మకి కడుపు మండిపోయింది.

పర్లమ్మకి ఇద్దరు పిల్లలు. ఒకే పొదుగు, ఒకే రోజు గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చారు. బుద్ధిగాడు పేరుకి తగ్గవాడే, గంప కింద ఎక్కడ పెడితే అక్కడే ఉంటాడు. రెండోది గిల్లి. కళ్లు తెరిచీ తెరవగానే గంప కంతలోంచి జారిపోయి, బట్టీకి మట్టి తొక్కే ఎద్దు పుల్లన్న కొట్టం చేరింది. అటు పొగ వీచదు. తొట్టి నిండా బోరునీళ్లు. పేడ పక్కన తడిగడ్డి మీద పగిలిన కుండ ఒకటి బోర్లా పడి ఉంటే దాని కింద చెదలే చెదలు. గిల్లి పొద్దంతా చెదలు మెక్కి, పుల్లన్న చెప్పే సోదంతా విని, సాయంత్రం ఇంటికొచ్చి పేటను పీకి పందిరేసేది.

"అమ్మా, పొగ నల్లగా ఎందుకుంటుంది? అమ్మా, పుల్లన్న తాత నమిలిందే మళ్లీ ఎందుకు నములుతాడు? అమ్మా, పై చదువులకెళ్లినవాళ్లు తిరిగి రారేం?"

పోటీలో గిల్లి ఎప్పుడూ ఆఖరే. పర్లమ్మకి తల కొట్టేసినట్టయ్యేది. చివరికి దాన్ని ఈడ్చుకుంటూ నక్క దగ్గరికి తీసుకెళ్లింది.

"మేష్టారూ, దీనికేదైనా మార్గం చెప్పండి. నోరు ఆగదు, కాలు ఆగదు."

నక్క గిల్లి కాళ్ల వంక చూసింది. గట్టి కాళ్లు. ఇలాంటి కాళ్ల వెనక పరుగెత్తిన పాత రోజులు గుర్తొచ్చి దాని మోకాళ్లు సలిపాయి.

"చాలా ప్రమాదం తల్లీ. పురుగు తిన్న పిల్లకి ప్రశ్నలు పుడతాయి. పురుగు మాన్పించు. గుంటనీళ్లే పట్టు. గంప మూసెయ్యి, ఎవరూ పలకరించకండి. అయినా ఇది మారుతుందని నమ్మకం లేదు, జాతిలోనే ఉంది. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని ఊరికే అన్నారా? నీ బుద్ధిగాడు చూడు, ఎంత బంగారం! అందాకా పోటీలకి సెలవులు, వచ్చే అమావాస్యకి వాణ్ని తీసుకెళ్తాను."

జాతేమిటి, ఇద్దరిదీ ఒకే పొదుగు కదా అని పర్లమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బంగారం అన్నమాట చెవుల్లో గింగురుమంటుంటే ఇంకేం అంటుంది?

మర్నాడు గద్ద వచ్చింది.

నీడ పడగానే పర్లమ్మ గొంతు చించుకుని కేక పెట్టింది. అప్పుడే గంప కంతలోంచి బయటపడ్డ గిల్లి చటుక్కున రాళ్ల సందులో దూరింది. ఎండలో ఉన్న బుద్ధిగాడు మాత్రం అక్కడే నిలబడి, ఎవరో చుట్టాలొచ్చినట్టు పైకి చూస్తున్నాడు. పర్లమ్మ ఎగిరి వాడి మీద పడింది. గద్ద గోళ్లకి పర్లమ్మ తోక దొరికింది. ఏదో ఒకటి దొరికిందిలే అని గద్ద ఆ తోకీకలు పట్టుకుని వెళ్లిపోయింది.

"పిలిస్తే రావేంరా? పరుగెత్తితే అల్లరనుకున్నావా?" అని పర్లమ్మ వాణ్ని ఊపేసింది.

"పరుగెత్తాలనే అనుకున్నానమ్మా," అన్నాడు బుద్ధిగాడు, వినీ వినబడనట్టు. "కాళ్లే రాలేదు."

పర్లమ్మకి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ బుద్ధి అనుకుని తను మురిసిపోయింది బుద్ధి కాదు, ఆకలి. తోక పోయిన సంగతే గుర్తు లేదు దానికి. అక్కడే బూడిదలో కూలబడి బావురుమంది.

ఏడుపు ఆగాక తిన్నగా ఎద్దు దగ్గరికి పోయింది.

"పుల్లన్నా, నా గిల్లికి ఏం పెట్టి పెంచావయ్యా?"

"నేనేం పెట్టానమ్మా? పేడ పెట్టాను. మిగతాదంతా అదే వెతుక్కుంది."

"మరి ఆ మాటలు?"

"అవి మాత్రం నావే. మట్టి తొక్కుతూ నాలో నేను మాట్లాడుకునే అలవాటు. ఇదొచ్చాక వినేవాళ్లు దొరికారని ఇంకాస్త ఎక్కువ వాగాను. మధ్యలో జవాబులు కూడా చెప్పేది, పిచ్చిపిల్ల."

"ఒకే పొదుగులో పుట్టారయ్యా ఇద్దరూ! వాడికి నించునే సత్తువ లేదు."

పుల్లన్న నమలడం ఆపాడు. "ఈ బట్టీలో ఇటుకలన్నీ ఒకే మట్టి తల్లీ. పచ్చిగా ఉన్నప్పుడు తడి చాలకపోతే బీటలిస్తాయి. కాల్చాక తిట్టుకుని ఏం లాభం? నీ వాడింకా పచ్చిగానే ఉన్నాడు, పద."

పర్లమ్మ పేటకి పరుగెత్తి, పిల్లల నెమ్మది బుద్ధి కాదు ఆకలని, కుండలు బోర్లించి చెదలు పెడదామని, పురుగు మాన్పించమన్న మేష్టార్ని నమ్మొద్దని చెప్పింది. పింగళమ్మ ఒంటి కాలి మీద లేచింది.

"నా కొడుకులు పై చదువుల్లో ఉన్నారని నీకు కుళ్లు! తోక పోయిందని మతి కూడా పోయిందా?"

అప్పుడు గిల్లి ముందుకొచ్చి, అది ఎప్పుడూ అడిగినట్టే అడిగింది. "అత్తా, మేష్టారి మీసం మీద ఈక నీ రంగేగా?"

పింగళమ్మ బూడిదలో రాలిన తన ఈక ఒకటి ముక్కుతో తీసి చూసుకుంది. తర్వాత లేచి, "కుండ ఎక్కడ బోర్లించాలో చెప్పు," అంది.

అమావాస్యకి ఇంకా పక్షం ఉంది. కోళ్లన్నీ పగిలిన కుండలు దొర్లించుకొచ్చి తడిగడ్డి మీద బోర్లించాయి. గంపలు పొగ తగలని వైపుకి ఈడ్చాయి. పిల్లల్ని ఎద్దు తొట్టి దగ్గరికి తీసుకెళ్లి మంచినీళ్లు తాగించాయి. పుల్లన్న సోదికి శ్రోతలు పెరిగారు. పిల్లలకి ఒక్కొక్కదానికే గొంతు లేచింది. బుద్ధిగాడు అందరికన్నా ఆలస్యం. మొదటిసారి పరుగెత్తినప్పుడు ముక్కు నేలకి గుద్దుకుని బోర్లా పడ్డాడు. పర్లమ్మ ఆ పడడం చూసి, పతకం వచ్చినంత సంబరపడింది.

ఇక నక్క సంగతి చూడాలి. పుల్లన్న తొక్కిన మట్టిగుంట ఒకటుంది. పైన ఎండకి పొరకట్టి గట్టినేలలా కనిపిస్తుంది. కోడిపిల్లని మోస్తుంది గానీ కుక్క దిగితే మెడదాకా దిగబడుతుంది. దాని మీద పిల్లలు వరసగా, బుద్ధిగా కూర్చోవాలి. ఇదీ ఎత్తు.

ఎత్తు బాగానే ఉంది గానీ, వచ్చిన చిక్కల్లా బుద్ధిగా కూర్చోవడంలోనే. మొన్నటిదాకా అరవమన్నా అరవలేనివాళ్లకి ఇప్పుడు నోరు మూయమంటే ప్రాణసంకటం.

"నిశ్శబ్దం!" అనేది పర్లమ్మ.

"నిశ్శబ్దం!" అని పిల్లలన్నీ అరిచేవి.

అమావాస్య పొద్దున్నే నక్క వచ్చింది. కూర్చున్నచోటికే తిండి వచ్చిన ఈ కొన్నాళ్లలో దానికి పొట్ట పెరిగింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వరసగా కూర్చున్న పిల్లల్ని చూసి కండువాతో మూతి తుడుచుకుంది.

"ఆహా! ఎంత క్రమశిక్షణ! సెలవుల తర్వాత మొదటి పోటీ కాబట్టి ఇవాళ అందరికీ బహుమతే."

గట్టు మీద నిలబడి ఒక కాలు ముందుకు పెట్టబోయింది. ఎందుకో అనుమానం వచ్చి వెనక్కి తీసుకుంది. సరిగ్గా అప్పుడే వరస మధ్యలోంచి ఓ గొంతు లేచింది.

"మేష్టారూ, ఇవాళ మీసం మీద కలం లేదేం?"

అడిగింది బుద్ధిగాడు. పుట్టాక వాడడిగిన మొదటి ప్రశ్న అది.

"నువ్వు... నువ్వు మాట్లాడుతున్నావా!" నక్కకి తన కూడు తనకే ఎదురు చెప్పినట్టయింది. ఒక్క గెంతులో వాడి మీదికి దూకింది. పిల్లలన్నీ టపటపా పొర మీద పరుగెత్తి గట్టెక్కాయి. అందరికంటే ముందు బుద్ధిగాడు. నక్క మాత్రం గుంట మధ్యలో గడ్డందాకా దిగిపోయింది. నోరు తెరిస్తే మట్టి వస్తుందని మూతి బిగించుకుని, గుడ్లు మిటకరిస్తూ కదలకుండా ఉండిపోయింది.

కోళ్లు గట్టు చుట్టూ చేరాయి.

"చూశారా, కూత లేదు," అంది పర్లమ్మ.

"గెంతు లేదు, గీకుడు లేదు," అంది ఇంకో కోడి.

"పేట పుట్టాక ఇంత బుద్ధిమంతుణ్ని చూడలేదు," అంది పింగళమ్మ. "మొదటి బహుమతి మేష్టారికే. పై చదువులకి నేనే దగ్గరుండి పంపిస్తాను. బస బట్టీలో. భోజనం కూడా బట్టీకే."

ఇంతలో పుల్లన్న రోజూలాగే తన పనికి వచ్చాడు. మట్టి తొక్కడమే కదా వాడి పని. తొక్కుతూ తొక్కుతూ ఒకచోట ఆగి, "నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. ఇవాళ నా అదృష్టం చూడండి!" అన్నాడు.

ఆ నొప్పికి నక్క ఒక్క పెట్టున గుంటలోంచి గాల్లోకి లేచింది. తోకలో సగం బొచ్చు పుల్లన్న గిట్ట కిందే ఉండిపోయింది. ఏటి అవతలికి చేరేలోపు ఎండకి ఒంటి మీది మట్టి బిగుసుకుపోయి, కీళ్లు వంగక, చెక్కబొమ్మలా టకటకమంటూ పోయింది. దాన్ని ఇప్పటికీ ఆ వైపు కాకులు ఇటుకనక్క అనే పిలుస్తాయి.

పేటంతా నవ్వింది. పింగళమ్మ మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం నుంచి పేటలో అందరికంటే ముందు కుండ బోర్లించేది అదే. పొద్దున కుండెత్తి, ఎవరి పిల్ల అని చూడకుండా, చడీచప్పుడు చెయ్యని పిల్లను వెతికి మరీ మొదటి ముద్ద దానికే పెట్టేది.

నీతి: అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, కడుపు మాడిన పిల్లకి అడిగే ఓపికే ఉండదు, అడగని పిల్లకే ముందు పెట్టాలి.